లెక్కకు రాని నాలుగు వందల మిల్లీలు

ముప్పై ఏళ్ళుగా ఆమె దగ్గరికి వచ్చినవాళ్ళందరూ ఎవరినో ఒకరిని పట్టించమనే వచ్చారు. మోసం చేసినవాణ్ణో, పారిపోయినవాణ్ణో, అబద్ధమాడినవాణ్ణో. దండం పెట్టుకోవాలి, ఆ మనిషెవరో వెతికిపెట్టండి అని అడిగింది మాత్రం ఈ టీచరమ్మ ఒక్కతే.

ఆమెను అందరూ పట్టకారు అంటారు. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు తోటివాళ్ళు పెట్టిన పేరు అది. పట్టుకుంటే వదలదని. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నాక కూడా ఆ పేరే వెంట వచ్చింది.

టీచరమ్మ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆపరేషన్ అయి తొమ్మిదో రోజు. దగ్గొస్తే కుట్లు లాగకుండా పొట్టకి చిన్న దిండు ఒకటి అదుముకుంటోంది. పక్కన పాప పిడికిళ్ళు బిగించి నిద్రపోతోంది.

"డాక్టర్లు చెప్పిన తేదీ దాటి పది రోజులైనా నొప్పులు రాలేదండీ," అంది టీచరమ్మ. "ఇంక ఆగకూడదని పొద్దున ఏడింటికి సెలైన్‌లో నొప్పుల మందు పెట్టారు. పదిన్నర దాకా అంతా బాగానే ఉంది. ఆ తర్వాత ఒక్కసారిగా నొప్పి మీద నొప్పి. మధ్యలో ఊపిరి పీల్చుకునే సందు కూడా లేదు. పాప గుండె నెమ్మదించిందన్నారు, థియేటర్‌కి పరిగెత్తించారు. పదకొండు దాటి నాలుగు నిమిషాలకి పాపని బయటికి తీశారు. కోసి తీసింది పెద్ద డాక్టరమ్మ. ఆవిడకి ఎలాగూ మొక్కుతాను. నేను అడిగేది ఆ తర్వాతి సంగతి."

"చెప్పండి."

"మధ్యాహ్నం. గదిలోకి తెచ్చేశారు. నాకు హాయిగా నిద్ర ముంచుకొస్తోంది. అంతలో ఎవరో నా పొట్ట మీద పిడికిలి పెట్టి పిండి పిసికినట్టు నొక్కారు. ప్రాణం పోయినంత నొప్పి! 'తిట్టుకోమ్మా, ఎంత తిట్టుకున్నా సరే, నిద్ర మాత్రం పోకు' అంది ఆవిడ. నేను తిట్టాను కూడా. బళ్ళో పిల్లలు వింటే నన్ను మళ్ళీ టీచర్‌గా రానివ్వరు." నవ్వబోయి దిండు అదుముకుంది. కళ్ళు మాత్రం చెమ్మగిల్లాయి. "మాస్కు ఉంది. కళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. ఆవిడ లేకపోతే నా బిడ్డ తల్లి లేని పిల్ల అయ్యేది. ఆవిడెవరో నాకు తెలియాలి."

ఆమె భర్త గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. "ఆస్పత్రిలో అడిగితే విచారణ నడుస్తోంది, పేర్లు చెప్పకూడదంటున్నారండీ. ఏం విచారణో అర్థం కావట్లేదు."

"ఆ రోజు ఫొటోలు ఏమైనా తీశారా?"

"ఒకే ఒక్కటి. పొద్దున ఎనిమిదీ అయిదుకి. ఇంకా నవ్వే ఓపిక ఉన్నప్పుడు."

పట్టకారు ఆ ఫొటోని తన ఫోన్‌కి పంపించుకుని లేచింది.

ఆస్పత్రికి చేరేసరికి పదకొండు అయింది. పెద్ద డాక్టరమ్మ గది తలుపు తీయగానే ఎదురుగా కనిపించిన మనిషిని చూసి పట్టకారుకి సగం కథ అర్థమైపోయింది.

ఒకప్పుడు తన కిందే పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు పెద్ద సంస్థలకి లోపలి విచారణలు చేసిపెడతాడు. కేసు తెరిచిన రోజే మూసే తేదీ కూడా రాసేసుకుంటాడని అందరూ అతన్ని స్టాంపు అంటారు.

"రా అక్కా! ఆలస్యంగా వచ్చావు," అన్నాడు టైపు చేసిన కాగితాలు బల్ల మీద సర్దుతూ. "పన్నెండింటికి నా రిపోర్టు కమిటీకి వెళ్తుంది. నర్సు ఉద్యోగం ఊడుతుంది, కేసు పోలీసులకి వెళ్తుంది. అయిపోయింది."

"నేను నర్సు కోసం రాలేదు తమ్ముడూ. ఆ మధ్యాహ్నం టీచరమ్మని బతికించిన మనిషి కోసం వచ్చాను."

డాక్టరమ్మ తల ఎత్తింది. రాత్రుళ్ళు నిద్ర లేని మొహం. "ఇద్దరూ ఒకరేనండీ," అంది మెల్లగా.

స్టాంపు కాగితాలు సర్దుతూనే ఉన్నాడు.

"అర్థమయ్యేలా చెప్పండి డాక్టర్‌గారూ."

"ఆ రోజు లేబర్ రూమ్‌లో మందు చూసుకున్నది మా పెద్ద సిస్టర్. పాతికేళ్ళ అనుభవం. ఆవిడ డ్యూటీ ఒంటిగంటకి అయిపోయింది. అయినా ఇంటికి వెళ్ళలేదు. టీచరమ్మ మంచం పక్కనే కూర్చుంది. ఒకటీ ముప్పై అయిదుకి నాడి నూట ముప్పై రెండు. దుప్పటి పొడిగానే ఉంది, ఒక్క మరక లేదు. వేరేవాళ్ళయితే నొప్పి వల్ల అనుకునేవారు. ఆవిడ పొట్ట నొక్కి చూసింది. గర్భసంచి రాయిలా గట్టిగా ఉండాలి. మెత్తగా, ఉబ్బి ఉంది. రక్తమంతా లోపలే నిండుతోంది. బెల్ నొక్కి, మేం వచ్చేదాకా పిడికిలి తీయలేదు. అయిదు సీసాల రక్తం ఎక్కించాం. మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళి గర్భసంచి చుట్టూ కుట్లు బిగించాను. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు."

"మరి ఆవిడ మీద నేరమేంటి?"

స్టాంపు అందుకున్నాడు. "నేనే చెప్తా. బాటిల్‌లో అయిదు వందల మిల్లీలు. ఏడింటికి మొదలు. గంటకి ఆరు మిల్లీల చొప్పున మొదలెట్టి, అరగంటకోసారి ఇంకో ఆరు పెంచాలి. డాక్టరమ్మ ఆర్డరు అది. ఆ లెక్కన పదీ నలభైకి వంద మిల్లీలు కూడా అయిపోకూడదు. కానీ బాటిల్ ఖాళీ! నాలుగు వందల మిల్లీలు ఎక్కడికి పోయాయి? మందుని కొలిచి ఎక్కించే పంపు పరీక్ష చేయించాను, బాగుంది. అంటే నర్సమ్మ త్వరగా కాన్పు చేయించేద్దామని చేత్తో స్పీడు పెంచేసింది."

"బాటిల్ ఖాళీ అయిందని నీకెవరు చెప్పారు?"

"చార్టులో ఉందిగా. పది నలభై, బాటిల్ ఖాళీ, మందు ఆపాను అని."

"రాసిందెవరు?"

స్టాంపు చార్టు తిప్పి చూశాడు. "నర్సే."

"దొంగతనం చేసి, దొంగిలించాను అని గోడ మీద రాసి సంతకం పెట్టిందన్నమాట. బాగుంది."

"అక్కా, డ్యూటీ అయ్యాక కూడా ఎందుకు కూర్చుంది? చేసిన తప్పు తనకి తెలుసు కాబట్టే కాపలా కాసింది!"

"పారిపోతే దొంగ, నిలబడితే ఇంకా పెద్ద దొంగ. నీ దగ్గర మనిషికి దారే లేదు తమ్ముడూ. ఆవిడెక్కడ?"

పెద్ద సిస్టర్ బయట బెంచీ మీద ఉంది. సస్పెండ్ చేశారు కనుక యూనిఫాం లేదు. మామూలు నూలు చీర, ఒళ్ళో చేతిసంచి. పిలిచినప్పుడు లోపలికి వచ్చి, రెండు చేతులూ ముందు కట్టుకుని నిలబడింది. పాతికేళ్ళు పిలవగానే పరిగెత్తిన కాళ్ళు కదా, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను టీచరమ్మగారి ఇంటి నుంచి వస్తున్నాను," అంది పట్టకారు.

నేరం మీద పడినవాళ్ళు మొదట ఏం అడుగుతారో పట్టకారుకి కంఠతా వచ్చు. నన్నేం చేస్తారు? ఆవిడ నా గురించి ఏం చెప్పింది? ఎంత శిక్ష?

పెద్ద సిస్టర్ అడిగింది వేరు. "పాలు పడ్డాయా అండీ?"

పట్టకారు ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అంత రక్తం పోయిన తల్లికి ఒక్కోసారి పాలు రావండి. అది చిన్న విషయం కాదు, వెంటనే డాక్టరుకి చెప్పాలి. తొమ్మిది రోజుల నుంచి అదే బెంగ. ఫోన్ చేద్దామంటే నేను చేయకూడదన్నారు."

"పడ్డాయి. నేను చూస్తుండగానే పాప తాగి పడుకుంది."

పెద్ద సిస్టర్ అప్పుడు కూర్చుంది.

"మిమ్మల్ని చూడాలని, మీకు దండం పెట్టుకోవాలని ఆవిడ నన్ను పంపింది."

"వెక్కిరించకండి మేడమ్."

"నా మొహం చూడండి. వెక్కిరించే మొహమేనా ఇది?"

ఆవిడ నిజంగానే చూసింది. చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పట్టకారు గోడ గడియారం వైపు తిరిగి ఆవిడ తేరుకునేదాకా ఆగింది. పదకొండున్నర కావడానికి పది నిమిషాలుంది.

"ఇప్పుడు చెప్పండి. పదిన్నరకి ఏం జరిగింది?"

"పదీ ఇరవై అయిదుకి చూశానండి. చుక్కలు సరిగ్గానే పడుతున్నాయి. అయిదు నిమిషాల్లో వచ్చి స్పీడు పెంచాలనుకుంటూ బయటికి వచ్చాను. అంతలో పక్క గదిలో ఒకావిడకి కాన్పు వచ్చేసింది, సాయానికి పిలిచారు. తిరిగి వచ్చేసరికి పదీ ముప్పై ఎనిమిది. పదమూడు నిమిషాలు. ఆ పదమూడు నిమిషాలే నా తప్పు. వచ్చేసరికి టీచరమ్మ కేకలు, బిడ్డ గుండె ఎనభైకి పడిపోయింది, బాటిల్ ఖాళీ. వెంటనే మందు ఆపి, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, డాక్టరమ్మని పిలిచాను. అంత మందు ఒక్కసారి ఒంట్లోకి పోయాక గర్భసంచి అలిసిపోయి చేతులెత్తేస్తుందని తెలుసు. అందుకే డ్యూటీ అయినా ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు."

పట్టకారు డాక్టరమ్మ వైపు తిరిగింది. "ఆ గది ఒకసారి చూడాలి. ఆ పంపుతో సహా. ఈవిడ కూడా రావాలి."

"ఆవిడ సస్పెన్షన్‌లో ఉంది," అన్నాడు స్టాంపు.

"చూడ్డానికి కళ్ళని సస్పెండ్ చేయలేదుగా," అంది డాక్టరమ్మ లేస్తూ.

లేబర్ రూమ్ ఖాళీగా ఉంది. ఒక మంచం, బిడ్డ గుండె చప్పుడు వినిపించే మెషిన్, సెలైన్ స్టాండు. స్టాండుకి బిగించిన పంపు మీద ఎర్ర రంగుతో 7 అని రాసి ఉంది.

"చార్టులో ఉన్నది ఇదే," అన్నాడు స్టాంపు. "ఏడో నంబరు."

"నడిపి చూద్దాం. గంటకి అరవై మిల్లీలు. అయిదు నిమిషాలు. కొలత గ్లాసు పెట్టండి."

అయిదు నిమిషాలూ చుక్క చుక్కగా గ్లాసులో పడుతున్న నీళ్ళని నలుగురూ చూశారు. పెద్ద సిస్టర్ పెదాలు కదులుతున్నాయి, అలవాటుకొద్దీ చుక్కలు లెక్కపెడుతోంది. పదకొండూ నలభై ఒకటికి పంపు ఆపారు. గ్లాసులో అయిదు మిల్లీలు. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"ఆవగింజంత తేడా కూడా లేదు," అన్నాడు స్టాంపు. గొంతులో గెలుపు ఉంది కానీ సంతోషం లేదు. "సారీ అక్కా. ఇంకేమైనా ఉందా?"

"చార్టు ఇటివ్వు."

పట్టకారు కాగితాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుంది. పైనుంచి కింది దాకా పెద్ద సిస్టర్ గుండ్రటి రాత. 7:00, 7:30. ఆ రెండు ఏడులకీ నడుం మీద చిన్న అడ్డగీత ఉంది. పంపు నంబరు అన్న చోట ఉన్న ఏడుకి మాత్రం లేదు.

"సిస్టర్, ఈ కాగితం వెనక ఏడు వెయ్యండి."

ఆవిడ వేసింది. నడుం మీద అడ్డగీతతో.

"ఒకటి వెయ్యండి."

నిలువుగా ఒక గీత.

"ఆ నిలువు గీత నెత్తి మీద చిన్న గీత పెడితే ఏమవుతుంది తమ్ముడూ?"

స్టాంపు కాగితం లాక్కుని చూశాడు. పట్టకారు ఫోన్ తీసి, టీచరమ్మ నవ్వుతున్న ఫొటో తెరిచి వేళ్ళతో పెద్దది చేసింది. నవ్వుతున్న మొహం పక్కకి జరిగింది. వెనక స్టాండు, స్టాండుకి పంపు, పంపు మీద ఎర్రటి నిలువు గీత ఒకటి.

"నువ్వు పరీక్ష చేయించింది టీచరమ్మకి పెట్టని పంపుని," అంది పట్టకారు. "ఎవరో ఒకటిని ఏడు చేశారు. ఒకటో నంబరు పంపు ఎక్కడ?"

తలుపు దగ్గర నిలబడి వింటున్న వార్డు నర్సు సమాధానం చెప్పింది. "పక్క గదిలోనే ఉందండి. ఇవాళ పంపులు చాలక స్టోరు మూల నుంచి తెచ్చాం. ఒకావిడకి నొప్పుల మందు పెట్టి అరగంటయింది."

ఆమె మాట పూర్తయ్యేలోపే పెద్ద సిస్టర్ గదిలో లేదు.

పట్టకారు గుమ్మం దాటేసరికి పక్క గదిలోంచి కేక వినిపించింది. చిన్న వయసు అమ్మాయి, మంచం కడ్డీ పట్టుకుని మెలి తిరిగిపోతోంది. "ఇందాకటి దాకా బాగానే ఉందమ్మా, ఇప్పుడే, ఇప్పుడే!" అని ఆమె తల్లి గోల పెడుతోంది. పంపు తెర మీద అంకె ప్రశాంతంగా ఉంది. గంటకి ఆరు మిల్లీలు. కానీ పైన బాటిల్ కింద గొట్టంలో చుక్కలు లేవు. సన్నటి ధార కారిపోతోంది.

పెద్ద సిస్టర్ తెర వైపు చూడనే లేదు. ట్యూబు మీద ఉన్న చక్రాన్ని బొటనవేలితో కిందికి తిప్పి బిగించింది. ధార ఆగిపోయింది. ఆ చేత్తోనే అమ్మాయి భుజం పట్టి ఎడమ పక్కకి తిప్పింది.

"ఏం లేదమ్మా, మందు ఆపేశాను. ఊపిరి పీల్చు. నాతోపాటు పీల్చు. అదీ!"

మెషిన్ మీద బిడ్డ గుండె తొంభై. డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యి వేసి నిలబడింది. తొంభై ఆరు. అమ్మాయి తల్లి చేతులు జోడించి అలాగే ఉండిపోయింది. నూట పది. స్టాంపు గుమ్మంలో గోడకి ఆనుకుని ఉన్నాడు. నూట ఇరవై ఎనిమిది. నూట నలభై.

"బిడ్డ గుండె దారికొచ్చింది," అంది డాక్టరమ్మ. "గండం గడిచింది. ఇంకో అయిదు నిమిషాలైతే ఈమెని కూడా థియేటర్‌కే తీసుకెళ్ళేదాన్ని."

అమ్మాయి తల్లి పెద్ద సిస్టర్ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకి అద్దుకుంది. "నీ కడుపు చల్లగుండ తల్లీ! నువ్వెవరివో కూడా తెలీదు నాకు."

"ఇక్కడ నర్సునమ్మా," అని, ఆవిడ సగంలో ఆగిపోయింది. తను ఒంటి మీద యూనిఫాం లేకుండా ఉన్నానని అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

"ఇక్కడ నర్సే," అంది డాక్టరమ్మ. "పెద్ద సిస్టర్."

స్టాంపు గడియారం చూసుకున్నాడు. పన్నెండుకి తొమ్మిది నిమిషాలు. టైపు చేసిన రిపోర్టుని నిలువునా చింపి జేబులో కుక్కుకున్నాడు. "అక్కా, నన్ను తిట్టు. కానీ తర్వాత తిట్టు. ఆ చార్టు నా చేతికి ఇచ్చింది పరికరాల ఇన్‌చార్జి. పంపు పరీక్ష చేయించిందీ అతనే."

పట్టకారు ట్యూబుని లోపల నొక్కి పట్టే పంపు తలుపుని వేలితో కదిపి చూసింది. గొళ్ళెం ఉండాల్సిన చోట ప్లాస్టర్ ముక్క అంటించి ఉంది. కాస్త అదిరితే చాలు, తలుపు వదులై, మందుని పట్టి ఆపేదేమీ ఉండదు.

"నన్ను వెతకక్కర్లేదండీ."

కారిడార్‌లో ఒక నడివయసు మనిషి నిలబడి ఉన్నాడు. చొక్కా జేబుకి తాళాల గుత్తి వేలాడుతోంది. కేకలు విని వచ్చినట్టున్నాడు. పరికరాల ఇన్‌చార్జి.

"రిపేరు నుంచి వచ్చినప్పుడు తలుపు తీసి చూడలేదు. బాగుందని సంతకం పెట్టేశాను. టీచరమ్మకి అలా అయ్యాక చూస్తే గొళ్ళెమే లేదు, ప్లాస్టర్ వేసి పంపారు. భయమేసింది. చార్టులో చిన్న గీత... ఒక్క గీతే కదా అనుకున్నాను. పంపు తీసి స్టోరు మూల పెట్టాను. మళ్ళీ వాడతారనుకోలేదు." అతని కళ్ళు పెద్ద సిస్టర్ మీద నిలవలేక నేలకి దిగాయి. "నువ్వు ఇవాళ ఆపావు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఓ ప్రాణం నా మెడకి చుట్టుకునేది. నీకు ఏమిచ్చి రుణం తీర్చుకోనమ్మా?"

పెద్ద సిస్టర్ అతనివైపు తిరిగింది. "నిజం చెప్పావు, అది చాలు. కమిటీలో కూడా ఇదే చెప్పు."

అక్కడితో అయిపోయిందని అందరూ అనుకున్నారు. పట్టకారు అనుకోలేదు. చేసిన తప్పు ఒప్పుకున్న మనిషి ఒళ్ళు తేలికపడాలి. ఇతను ఇంకా తాళాల గుత్తిని పిడికిట్లో నలుపుతూనే ఉన్నాడు.

"ఇంకా ఏదో ఉంది," అంది. "చెప్పెయ్యి."

"ఆ రోజు రిపేరు నుంచి వచ్చింది ఒక్కటి కాదు మేడమ్. మూడు. మూడింటికీ ఒకేసారి సంతకం పెట్టాను. నాలుగోది, తొమ్మిదోది కూడా ఇలాంటివే. నాలుగు నా స్టోర్లోనే ఉంది, తాళం వేశాను."

"తొమ్మిది?"

"తాళం తీసి ఉన్నప్పుడు ఇందాక థియేటర్ వాళ్ళు పట్టుకెళ్ళారు. నేను లేని టైములో. చీటీ పెట్టి వెళ్ళారు. ఎవరికో అర్జెంటుగా సిజేరియన్ అని."

డాక్టరమ్మ ఒక్క అంగలో అమ్మాయి మంచం దగ్గరికి వెళ్ళి నిలబడింది. "నేను ఈమెని వదిలి రాలేను. సిస్టర్, థియేటర్‌కి మీరు వెళ్ళండి. పంపు చేత్తో ఆపించండి. నేను పంపానని చెప్పండి."

"నేను సస్పెన్షన్‌లో..."

"అది నేను చూసుకుంటాను. పరిగెత్తండి!"

ముగ్గురూ మెట్లెక్కారు. ముందు పెద్ద సిస్టర్, వెనక పట్టకారు, ఆ వెనక స్టాంపు. పై అంతస్తుకి చేరేసరికి పన్నెండు కొడుతోంది. కారిడార్ చివర థియేటర్ తలుపు లోపలి నుంచి వేసి ఉంది. తలుపు మీద, ఆపరేషన్ మొదలైందని చెప్పే ఎర్రదీపం అప్పటికే వెలుగుతోంది.